పొత్తిళ్లలో ఊపిరి



పురుడు వచ్చిన ఇంట్లో రాత్రిపూట జరిగే ఒక సంగతి మనందరికీ తెలిసిందే. ఇల్లంతా నిద్రపోతూ ఉంటుంది. బాలింత మాత్రం ఉలిక్కిపడి లేచి, పక్కలో ఉన్న పసిగుడ్డు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వెచ్చగా గాలి తగిలితే "అమ్మయ్య" అనుకుని మళ్లీ వాలుతుంది. ఒకటి రెండు క్షణాలు గాలి తగలకపోయిందా, ఆ తల్లి ప్రాణం తన దగ్గర ఉండదు.

ఈవేళ ఆ వేలి కథే చెప్తాను. పుట్టిన బిడ్డ ఊపిరి ఎలా నడుస్తుంది, గుండె ఎలా కొట్టుకుంటుంది, ఆ రెంటికీ సంబంధం ఏమిటి, ఇదంతా మనుషులకు ఎప్పుడు ఎలా తెలిసింది అన్నది ఆ కథ. నేను డాక్టరును కాను. పదో తరగతితో చదువు ఆపి కాపురానికి వచ్చినదాన్ని. కాని మా అమ్మమ్మ అడిగిన ఒక ప్రశ్న నన్ను వదలలేదు. దాని వెంటపడి తెలిసినవాళ్లను అడిగీ, పుస్తకాలు చదివీ తెలుసుకున్నదే మీకు చెప్తున్నాను.

మాది సంతబొమ్మాళి. ఒక పక్క నౌపడా ఉప్పుమడులు, ఇంకో పక్క సముద్రం. మా అమ్మమ్మకు ఆరుగురు పిల్లలని ఊరంతా అనుకునేవారు. ఆవిడ మాత్రం ఎప్పుడడిగినా ఏడుగురనే చెప్పేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కదా, ఆ తరవాత రెండో ఏట పుట్టిన మగబిడ్డ ఆ ఏడోవాడు. బిడ్డ పుట్టాడు గాని కేరుమనలేదు. కాళ్లూ చేతులూ వేలాడేశాడు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచారు. మొహాన చన్నీళ్లు చిలకరించారు. లాభం లేదని చాటలో పాతగుడ్డ పరిచి, అందులో పెట్టి పక్కకు జరిపేశారు. అందరూ తల్లిని చూసుకోవడంలో పడిపోయారు.

"కేరుమననేదని సచ్చిపుట్టినాడన్నారు. గుండె ఆడతందో నేదో ఎవులు సూసినారే అమ్మా?" అని ఎనభయ్యో పడిలో కూడా నన్ను అడిగేది. నా దగ్గర జవాబు లేదు.

ముందు కడుపులో సంగతి చూద్దాం. బిడ్డకు కావలసిన ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తుల నిండా నీరే. అయినా చూడండి, బిడ్డ ఊరుకోదు. గాలి లేకపోయినా రొమ్మును కదిలిస్తూ ఊపిరి తీయడం సాధన చేస్తూనే ఉంటుంది. కాసేపు చేస్తుంది, కాసేపు మానేస్తుంది. బయటపడి కేరుమనగానే ఆ నీరు పక్కకు తప్పుకుని గాలి నిండుతుంది. ఇన్నాళ్లూ మాయ వైపు నడిచిన రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. కొద్ది నిమిషాల్లో జరిగిపోయే ఈ మార్పు కంటే పెద్ద మార్పు మనిషి ఒంట్లో మళ్లీ చచ్చేదాకా జరగదు.

ఈ ఊపిరి లెక్కను నడిపించేది మెదడు అడుగున, మెడ పైభాగాన ఉండే కాడలాంటి భాగం. నెలలు నిండిన బిడ్డకే అది ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది. అందుకే పసిబిడ్డ ఊపిరి గోడగడియారంలా నడవదు. గబగబా తీస్తుంది, నెమ్మదిస్తుంది, అయిదు నుంచి పది సెకన్ల దాకా పూర్తిగా ఆపి, మళ్లీ గబగబా అందుకుంటుంది. గాఢనిద్రలో నిలకడగా ఉంటుంది. కనురెప్పల కింద కళ్లు కదులుతూ, నిద్రలో నవ్వుతూ ఉన్నప్పుడు తప్పటడుగులు వేస్తుంది. దేవుడు నవ్విస్తున్నాడని మన పెద్దవాళ్లు అనేది ఆ నిద్రనే. మనం నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీస్తే, పసిబిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. మన గుండె డెబ్భయిసార్లు కొట్టుకుంటే, దాని గుండె 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. అర్ధరాత్రి మన వేలికి ఒక్కోసారి గాలి తగలకపోవడానికి కారణం ఇదే.

కేరుమనని బిడ్డకు ఊపిరి పోయాలని మనుషులు చేయని పని లేదు. మన దేశంలో చాలాచోట్ల బొడ్డు కోయకుండా మాయను వేడి చేసేవారు, ఆ వేడికి ప్రాణం తిరిగి వస్తుందని. మంత్రసానులు మోటు మనుషులు కనక అలా చేశారనుకోకండి. ఐరోపాలో గొప్ప చదువులు చదివినవాళ్లు పద్ధెనిమిదో శతాబ్దంలో పొగాకు పొగ పట్టించారు. 1871లో షుల్జ్ అనే జర్మన్ వైద్యుడు బిడ్డ భుజాలు పట్టుకుని గాలిలో పైకీ కిందికీ ఊపే పద్ధతి చెప్తే చాలాకాలం పెద్ద ఆస్పత్రుల్లోనే పాటించారు. తెలియనప్పుడు అందరూ ఒకటే. ఊపిరి మీదే అందరి చూపూ. లోపల గుండె సంగతి ఏమిటని చూడడం చాలా ఆలస్యంగా వచ్చింది.

గుండె చప్పుడు వినే గొట్టాన్ని 1816లో పారిస్‌లో లెనెక్ కనిపెట్టాడు. 1821లో కెర్గరదెక్ అనే వైద్యుడు ఆ గొట్టాన్ని గర్భిణి పొట్ట మీద పెట్టాడు. ఉమ్మనీటి చప్పుడు వినాలని పెడితే, చేతిగడియారంలాగా టిక్కుటిక్కుమని వినపడింది. తల్లి నాడి చూస్తే దానికీ దీనికీ పొంతన లేదు. అది లోపలి బిడ్డ గుండె! 1895లో పినార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పనికే చిన్న బాకా లాంటి గొట్టం తయారు చేశాడు. మన పొట్ట మీద దాన్ని ఆనించి, చెవి పెట్టి, గోడ వైపు చూస్తూ నిశ్శబ్దంగా లెక్కపెట్టిన నర్సమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

గుండెకూ ఊపిరికీ ఉన్న సంబంధం అంతకుముందే ఒకాయన కంటపడింది. 1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రం నాడిని పరీక్షిస్తూ, ఊపిరితో పాటు నాడి కూడా మారుతోందని గమనించాడు. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఆ మార్పును తిరిగే డప్పా మీద గీతగా గీసి చూపించాడు. మీరూ ఇప్పుడే చేసి చూడవచ్చు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా, నిండుగా గాలి పీల్చండి. నాడి కొంచెం జోరందుకుంటుంది. నెమ్మదిగా వదలండి. నాడి కొంచెం నిదానిస్తుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ అనే నాడి పగ్గంలా పనిచేస్తూ ఈ హెచ్చుతగ్గులు తెస్తుంది. ఇది జబ్బు కాదు సుమా! పగ్గం సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు.

ఇక మా అమ్మమ్మ బిడ్డ పుట్టిన 1952కి వద్దాం. అదే సంవత్సరం అమెరికాలో న్యూయార్క్ నగరంలో ఒకావిడ ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆవిడ పేరు వర్జీనియా అప్గార్. శస్త్రవైద్యం నేర్చుకుంది. ఆడదానికి అందులో నిలదొక్కుకోవడం కష్టమని గురువే సలహా చెప్తే, మత్తుమందు ఇచ్చే వైద్యంలోకి మారింది. కాన్పుల గదిలో నిలబడి చూస్తే ఆవిడకు ఒక సంగతి తోచింది. బిడ్డ బయటపడగానే అందరూ తల్లి చుట్టూ చేరుతున్నారు. బిడ్డను ఎవరూ వరసగా, పద్ధతిగా చూడడం లేదు. అక్కడ న్యూయార్క్‌లోనూ, ఇక్కడ సంతబొమ్మాళిలోనూ ఒకటే తంతు!

ఆవిడ అయిదు విషయాలు చూడమంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఊపిరి తీస్తోందా, కాళ్లూ చేతులూ ముడుచుకుంటోందా వేలాడేస్తోందా, తాకితే మొహం చిట్లిస్తోందా, ఒంటి రంగు ఎలా ఉంది. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు చొప్పున మార్కులు. అన్నీ బాగుంటే పది. పుట్టిన ఒక నిమిషానికి వేయాలి. అయిదో నిమిషానికి మళ్లీ వేయడం తరవాత వచ్చింది. 1953లో ఈ పద్ధతి అచ్చయింది. ఇంత తేలికైన లెక్క ప్రపంచమంతా పాకిపోయింది. దీని విలువ మార్కుల్లో లేదు. ఎవరో ఒకరు తప్పనిసరిగా బిడ్డ వైపు తిరిగి, గుండె వినాలి అన్న నియమంలో ఉంది. ఏడవని బిడ్డకు కూడా గుండె ఆడుతూ ఉండవచ్చు, ఆ బిడ్డను చాటలో పెట్టడానికి వీల్లేదు అని దాని అర్థం.

అన్నట్టు, ఆ 1953లోనే హైదరాబాదులో నిలోఫర్ ఆస్పత్రి మొదలైంది. నిజాం కోడలు నిలోఫర్ రాకుమారి తన పరిచారిక కాన్పులో చనిపోతే తట్టుకోలేక, తల్లీపిల్లల కోసం ఒక ఆస్పత్రి ఉండాలని పట్టుబట్టింది. ఆవిడకు పిల్లలు లేరు. తెలుగు దేశంలో ఎందరో తల్లులు నెలలు నిండని బిడ్డలను ఒడిలో పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కారు.

ఇప్పుడు అసలు చిత్రమైన మాట చెప్తాను. గుండె గడియారంలా, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా కొట్టుకుంటే మంచిదని మనం అనుకుంటాం కదా? పసిబిడ్డ విషయంలో అది తలకిందులు. అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ అనే వైద్యుడు కడుపులోని బిడ్డ గుండె చప్పుళ్లను యంత్రంతో కాగితం మీద గీయించాడు. 1963లో ఆయనా, లీ అనే సహచరుడూ కలిసి ఒక సంగతి బయటపెట్టారు. బిడ్డ ప్రాణాపాయంలో పడబోయే ముందు, గుండె లెక్క ఇంకా సవ్యంగా ఉన్నప్పుడే, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఉండే చిన్న చిన్న హెచ్చుతగ్గులు మాయమవుతున్నాయి. గీత చదునైపోతోంది.

బండి తోలే మనిషి మెలకువగా ఉంటే దారి ఎత్తుపల్లాలను బట్టి పగ్గం బిగిస్తాడు, వదులుతాడు. బండి నడక మారుతూ ఉంటుంది. తోలేవాడు సొమ్మసిల్లితే బండి ఒకే నడకన పోతుంది. చూసేవాళ్లకు నిలకడగానే కనబడుతుంది. గోతిలో పడేదాకా తెలియదు. హెచ్చుతగ్గులు లేని గుండె అలాంటిది.

పుట్టిన తరవాత కూడా ఇదే వరస. వర్జీనియా విశ్వవిద్యాలయంవారు నెలలు నిండని బిడ్డల గుండె లయను గమనిస్తూ పోయి, రక్తంలో క్రిములు చేరిన బిడ్డకు జ్వరం, నీరసం బయటపడక ముందే ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోతున్నాయని కనిపెట్టారు. 2011లో మూడువేలమంది చిన్న బిడ్డల మీద చేసిన పరీక్షలో, ఆ లెక్కను వైద్యుల కంటికి చూపించిన బిడ్డల్లో మరణాలు నూటికి పది నుంచి ఎనిమిదికి తగ్గాయి. ఇది ఆస్పత్రిలో యంత్రం చూడవలసిన లెక్క. గాఢనిద్రలో ఉన్న ఆరోగ్యమైన బిడ్డకు కూడా ఈ హెచ్చుతగ్గులు తగ్గుతాయి. కనక ఇంట్లో నాడి పట్టుకుని బెంగపడవద్దు.

ఊపిరి సంగతికి మళ్లీ వద్దాం. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకు ఊపిరిని నడిపే కాడ ఇంకా పచ్చిది. ఊపిరి తీయడం మరిచిపోతుందంటే అతిశయోక్తి కాదు. ఇరవై సెకన్లు దాటి ఆగినా, అంతకంటే తక్కువే ఆగినా గుండె నిదానించి ఒళ్లు నీలంగా మారినా అది ప్రమాదం. ఒకప్పుడు నర్సు పక్కనే కూర్చుని, ఊపిరి ఆగినప్పుడల్లా అరికాలు మీద మెల్లిగా తట్టి గుర్తు చేసేది. తరవాత దొరికిన మందు ఏమిటో తెలుసా? మనం పొద్దున్నే స్టవ్వు వెలిగించేదే దాని కోసం. కాఫీలో ఉండే కెఫీన్! 1973లో దాని చుట్టమైన థియోఫిలిన్‌ని, 1977లో కెఫీన్‌ని ఈ బిడ్డలకు వాడి చూశారు. నిద్రమత్తులో ఉన్న ఆ కాడను అది తట్టి లేపుతుంది. 2006, 2007లో పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. దాదాపు రెండువేలమంది బిడ్డలను ఏడాదిన్నర వయసు దాకా చూస్తే, కెఫీన్ పుచ్చుకున్న బిడ్డలు ఎక్కువమంది అవకరం లేకుండా బతికి బయటపడ్డారు. ఇది వైద్యులు బరువు చూసి, చుక్క లెక్కన ఇచ్చే మందు. ఇంటి కాఫీ ఉగ్గుగిన్నెలో పోసేరు సుమా, ముమ్మాటికీ కూడదు.

రెండో మందు అంతకంటే చవక. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో ఒక కాన్పుల ఆస్పత్రిలో వెచ్చటి పెట్టెలు చాలలేదు. ఒక పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వచ్చేది. అంటురోగాలు పాకేవి. అక్కడి వైద్యుడు ఎడ్గార్ రే సనాబ్రియా, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువునా కట్టుకోమన్నాడు. కంగారూ పద్ధతి అని పేరొచ్చింది. బిడ్డకు వెచ్చదనం దొరికింది. అంతే కాదు, తల్లి ఎద మీద బిడ్డ ఊపిరి, గుండె కుదురుకున్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశంతో సహా అయిదు దేశాల్లో చేసిన పరీక్షలో, పుట్టిన వెంటనే ఇలా కట్టుకున్న చిన్న బిడ్డల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

దీని విలువ మా ఇంట్లో మాకు తెలిసివచ్చింది. 2018లో మా చెల్లెలికి నెలన్నర ముందే కాన్పయింది. ఆస్పత్రిలో ఉంచి, బిడ్డ కుదురుకున్నాక ఇంటికి పంపారు. వచ్చి వారం తిరగలేదు, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, దారి లేదు, ఫోను లేదు. నేను అప్పుడు చెల్లెలి దగ్గరే ఉన్నాను. ఇంటి కప్పు ఒక మూల లేచిపోయి వాన లోపలికి కొడుతోంది. బిడ్డ ఒళ్లు చల్లబడుతోంది. చల్లబడిన కొద్దీ ఊపిరి మధ్య విరామాలు పొడుగవుతున్నాయి. ఆస్పత్రిలో నర్సమ్మ నేర్పింది గుర్తొచ్చి, పాత నూలు చీర చింపి బిడ్డను చెల్లెలి ఎదకు కట్టాం. తల ఒక పక్కకు, మెడ ముడుచుకోకుండా, ముక్కు తెరిపిగా. పైన దుప్పటి. చెల్లెలు అలిసిపోతే నేను, నా తరవాత వాళ్ల అత్తగారు. నేను కట్టుకున్నప్పుడు వాడి ఊపిరి ఆగితే నా ఊపిరీ ఆగేది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. ఎనిమిదికో తొమ్మిదికో మళ్లీ అందుకునేవాడు. రెండు రాత్రులు, మూడు పగళ్లు అలా గడిచాయి. దారిలో చెట్లు నరికాక ఆస్పత్రికి చేర్చాం. వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు.

ఊపిరి లెక్కపెట్టడానికి చదువు అక్కర్లేదని నిరూపించింది మన పొరుగువాళ్లే. గోదావరికి అవతల, తెలుగు మాట వినబడే సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు పనిచేస్తున్నారు. అక్కడి మంత్రసానులకు అరవై దాకా అంకెలు రావు. అందుకని ఒక నిమిషం ఇసుక గడియారం, దాని పక్కన పూసలు పెట్టారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస జరపవలసి వస్తే బిడ్డకు నిమ్ము చేసినట్టే. తరవాత 39 ఊళ్లలో ఊరికొక ఆడమనిషికి ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డను చూడడం, ఊపిరి తీయని బిడ్డకు సంచితో గాలి అందించడం నేర్పారు. వెయ్యి కాన్పులకు 62గా ఉన్న పసిబిడ్డల మరణాలు మూడో ఏటికి దాదాపు 26కు దిగాయి. పోల్చి చూసిన పక్క ఊళ్లలో అరవై దగ్గరే ఉండిపోయాయి. 1999లో ఈ లెక్క లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. 2011 నుంచి మన ఆశా కార్యకర్తలు పురుడు వచ్చిన ఇంటికి వంతుల ప్రకారం రావడానికి మూలం ఇదే. ఆస్పత్రి కాన్పయితే ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు వస్తారు. ఆవిడ వస్తే "బాగానే ఉన్నాడమ్మా" అని గుమ్మంలోంచే పంపేయకండి. కూర్చోబెట్టి, బిడ్డ పొట్ట మీద గుడ్డ తీసి ఊపిరి లెక్క చూపించండి.

మీరూ చూడవచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే తప్పు వస్తుంది, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. అరవై, ఆపైన వస్తే మరోసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదవులూ నాలుకా నీలంగా ఉన్నా, పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఇరవై లెక్కపెట్టేదాకా ఆగినా, 108కి ఫోను చేసి ఆస్పత్రికి పదండి. వాతలు పెట్టడం, సాంబ్రాణి పొగలో ఉంచడం వద్దు.

చివరికి అమ్మమ్మ ప్రశ్న మిగిలింది. కొన్నేళ్ల క్రితం ఒక నర్సమ్మను అడిగాను: "గొట్టం లేని ఇంట్లో, అప్పుడే పుట్టిన బిడ్డ గుండె ఆడుతోందో లేదో ఎలా తెలుస్తుందమ్మా?" ఆవిడ రెండు వేళ్లు చూపించి, "బొడ్డుతాడు మొదట్లో, బిడ్డ పొట్టకు ఆనుకుని పట్టుకోండి. గుండె ఆడుతుంటే అక్కడ కొట్టుకుంటుంది. ఆరు సెకన్లు లెక్కపెట్టి పదింతలు చేస్తే సరి. కొట్టుకోవడం తెలియకపోయినా ఆశ వదలకూడదు, గొట్టంతో వినాలి" అంది. మొదటి నిమిషం లోపలే బిడ్డను తుడిచి, వెచ్చగా ఉంచి, అవసరమైతే సంచితో ఊపిరి అందించాలని 2009 నుంచి మన దేశంలో నర్సులందరికీ నేర్పుతున్నారట. నూటికి పదిమంది బిడ్డలకు ఆ కాస్త ఆసరా కావలసి వస్తుందట.

ఆ మాట వినేసరికి అమ్మమ్మ లేదు. చాటలో పెట్టిన బిడ్డ బొడ్డుతాడు ఆ రోజు మంత్రసాని చేతిలోనే ఉంది. ఆవిడ చెడ్డది కాదు, పాపం. అక్కడ చూడాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో పురుడు వచ్చే అమ్మాయి ఉంటే, కాన్పుకు తోడుగా వెళ్లే అత్తగారికో, పిన్నిగారికో ఈ మాట చెప్పండి. బిడ్డ కేరుమనకపోతే ఆశ వదలకండి, గుండె చూశారా అని అడగండి.

సెలవు.